కారే జాయింటు మురుగు తాగుతుంది

వానలు మొదలవుతున్నాయి. మురుగు కాలువలు నిండి పొంగే రోజులివి. మీ ఇంటికి నీళ్లు తెచ్చే నల్ల ప్లాస్టిక్ పైపు ఆ కాలువ పక్కగానో, కాలువలోంచో వస్తోందా? దాని మీద ఎక్కడైనా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉందా? ఉంటే ఈ వారంలోనే దాన్ని తీయించి సరైన ఫిట్టింగు వేయించండి. కుళాయిలో నీళ్లు బాగానే వస్తున్నాయి కదా అని ఊరుకోవద్దు. జాయింటు వదులైతే నాలుగు బిందెల నీళ్లు వృథా అవుతాయని మాత్రమే మనం అనుకుంటాం. అసలు ప్రమాదం నీళ్లు ఆగాక మొదలవుతుంది.

మన ఊళ్లలో ఇరవై నాలుగు గంటలూ కుళాయి నీళ్లొచ్చే చోట్లు చాలా తక్కువ. పొద్దున గంటో గంటన్నరో వదులుతారు. చాలాచోట్ల అదీ రోజు విడిచి రోజే. నీళ్లు వస్తున్నంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి వదులు జాయింటు నుంచి నీరు బయటికి కారుతుంది. వాటర్‌మన్ వాల్వు కట్టేశాక లైనులో మిగిలిన నీరు పల్లానికి జారిపోతుంది. వెనక పైపు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీయే జాయింటు చుట్టూ నిలిచిన నీటిని లోపలికి లాగుతుంది. పొద్దున బయటికి కారిన చోటే రాత్రికి మురుగు లోపలికి వస్తుంది. మర్నాడు వాల్వు తిప్పగానే ఆ మురుగే ముందుగా బిందెలోకి చేరుతుంది.

దీనికి మోటార్లు తోడయ్యాయి. ఒత్తిడి చాలడం లేదని కుళాయికే నేరుగా అర హార్స్‌పవర్ మోటారు తగిలించేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మోటారు వేయగానే అది లైనును పీల్చడం మొదలుపెడుతుంది. చుట్టుపక్కల ఉన్న ప్రతి వదులు జాయింటూ నీళ్లు వదలడం మాని, పక్కనున్నదాన్ని లాక్కుంటుంది. మోటారు ఒకరిదే అయినా లైనులోకి చేరిన మురుగు వీధి మొత్తానికీ వెళ్తుంది. 2025 వేసవిలో హైదరాబాద్ జలమండలి నల్లాలకు తగిలించిన మోటార్లను పట్టుకుని జప్తు చేసింది. నీటి పంపకంలో అన్యాయం జరుగుతోందన్నదే ఆ చర్యకు చెప్పిన కారణం. ఆరోగ్యం కోణంలో చూసినా అది సరైన పనే.

ట్యాంకులో క్లోరిన్ కలుపుతున్నారు కదా అంటారు. కుళాయి దగ్గరికి చేరేసరికి లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. దారిలో మురుగు కలిస్తే ఆ కాస్త క్లోరిన్ అక్కడే ఖర్చయిపోతుంది. ట్యాంకు దగ్గర శుభ్రంగా ఉన్న నీరు మీ గుమ్మం ముందు పాడవుతుంది.

ఇది ఊహించి భయపెట్టే మాట కాదు. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. 2018 మార్చిలో గుంటూరు నగరంలో అతిసారం ప్రాణాలు తీసింది. తాగునీటి లైన్లలో మురుగు కలవడమే కారణమని అప్పుడు నగరమంతా గగ్గోలు పెట్టింది. ఈ రెండు చోట్లా ఫలానా జాయింటే తప్పని మేం అనడం లేదు. పైపుకు కన్నం ఉండి, దాని పక్కన మురుగు ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఈ రెండూ చాలు. ఆ కన్నం పగులు వల్ల పడిందా, వదులు జాయింటు వల్లా అన్నది రోగికి అనవసరం.

పగుళ్లు మన చేతిలో లేవు. జాయింట్లు మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. అవి ఎలా పడుతున్నాయో ఒకసారి దగ్గరగా చూడండి. రోడ్డు తవ్వకంలో జేసీబీ పన్ను తగిలి ఇంటి పైపు తెగుతుంది. కాంట్రాక్టరు మనిషి హ్యాక్సా బ్లేడుతో చివర్లు ఏటవాలుగా కోస్తాడు. కాగితం ముట్టించి పైపు కొసను వేడిచేస్తాడు. అది మెత్తబడగానే ఇనుప నిపిల్ మీదికి బలవంతంగా తొడుగుతాడు. పైన బైండింగ్ వైరు రెండు చుట్లు చుట్టి కటింగ్ ప్లేయరుతో మెలిపెడతాడు. దాని మీద సైకిల్ ట్యూబు చీలిక లాగి కట్టి, మట్టి కప్పేస్తాడు. పది నిమిషాల పని. ఇంటివాళ్లకు నీళ్లొచ్చాయి, కాంట్రాక్టరుకు రోడ్డు పూర్తయింది.

ఇందులో ఒక్క అడుగు కూడా సరైనది కాదు. మంట తగిలిన చోట పైపు గోడ సాగి పలుచనవుతుంది, మాడిన చోట పెళుసవుతుంది. ముందు పగిలేది అక్కడే. బైండింగ్ వైరు చుట్టూ సమంగా పట్టదు. మెలిపెట్టిన వైపు కోసుకుపోతుంది, రెండోవైపు వదులుగా ఉంటుంది. తడి నేలలో అది తుప్పు పట్టి తెగిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు. సైకిల్ ట్యూబు సాగే గుణం పోయి చీలికలవుతుంది. కొందరు పీవీసీ సొల్యూషన్ పూస్తారు, ఇంకొందరు ఎంసీల్ లాంటి ముద్ద పెడతారు. నల్ల పైపు పాలిథిలీన్. గట్టి పీవీసీ పైపును కరిగించి అతికించే సొల్యూషన్ దీన్ని కరిగించలేదు. ముద్ద ఎండాక పైపు చుట్టూ గట్టి తొడుగులా కనిపిస్తుంది గానీ పైపుకు అంటుకోదు. చేత్తో తిప్పి చూస్తే ఊడి వస్తుంది.

ఎండ చేసే పని మరొకటి. పాలిథిలీన్ పైపు ఒక డిగ్రీ వేడికి మీటరుకు దాదాపు 0.2 మిల్లీమీటర్లు సాగుతుంది. నేల మీద బయటపడి ఉన్న పది మీటర్ల పైపు తెల్లవారుజామున 25 డిగ్రీల్లోనూ, మధ్యాహ్నం ఎండలో 50 డిగ్రీల్లోనూ ఉంటే రోజూ సుమారు ఐదు సెంటీమీటర్లు సాగి, మళ్లీ అంత కురచనవుతుంది. పట్టు లేని జాయింటు ఈ లాగుడుకే ఊడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వదులైన జాయింట్లు జూన్ వానల్లో మురుగులో మునుగుతాయి. అందుకే ఈ హెచ్చరిక ఇప్పుడు.

సరైన ఫిట్టింగు ఏది? ఇంటి కనెక్షన్‌కు వాడే 20, 25, 32 మిల్లీమీటర్ల పాలిథిలీన్ పైపులకు కంప్రెషన్ ఫిట్టింగు. హార్డ్‌వేరు షాపులో ఆ మాటే అడగండి. రెండు పైపులు కలపడానికి కప్లింగు, కొమ్మ తీయడానికి టీ, మూలకు ఎల్బో, ఇనుప మరలకు కలపడానికి మేల్ లేదా ఫీమేల్ అడాప్టరు దొరుకుతాయి. వాటి ధర పెద్ద ఎక్కువేమీ కాదు. దాని నట్టు విప్పి చూస్తే లోపల రెండు ముఖ్యమైన భాగాలు కనిపిస్తాయి. ఒకటి రబ్బరు ఓ-రింగు, నీటిని ఆపేది అదే. రెండోది ఒకవైపు చీలిక ఉన్న పళ్ల రింగు, పైపును పట్టుకునేది అది. నట్టు బిగించేకొద్దీ ఈ రింగు ముడుచుకుని పైపు ఒంటిని కరుస్తుంది. ఆ తర్వాత పైపును ఎవరైనా లాగితే ఉచ్చులా ఇంకా బిగుస్తుంది. ఎండకు సాగిన పైపు చల్లబడి కురచనైనా ఊడకుండా కాచేది ఇదే.

ఇనుప నిపిల్ ఎందుకు పనికిరాదో కూడా ఇక్కడే తెలుస్తుంది. నల్ల పైపు కొలత దాని బయటి వ్యాసం. 32 మి.మీ. పైపు ఏ కంపెనీదైనా, ఎంత ఒత్తిడికి చేసినదైనా బయట 32 మి.మీ.యే. లోపలి కన్నం మాత్రం గోడ మందాన్ని బట్టి మారుతుంది. తక్కువ ఒత్తిడి పైపుకు గోడ పలుచన, కన్నం పెద్దది. ఎక్కువ ఒత్తిడి పైపుకు గోడ మందం, కన్నం చిన్నది. లోపల దూర్చే నిపిల్ ఒకదానిలో వదులుగా ఆడుతుంది, ఇంకొకదానిలో దూరనే దూరదు. దూరనప్పుడే మంట పెడతారు. బయటి ఒంటిని పట్టుకునే కంప్రెషన్ ఫిట్టింగుకు ఈ తంటా లేదు.

కొలత దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. అంగుళమంటే 25 మి.మీ. కదా అని అంగుళం ఇనుప పైపుకు 25 మి.మీ. నల్ల పైపు కొంటారు. ఇనుప పైపును పిలిచేది లోపలి కన్నం కొలతతో. అర అంగుళం మరకు సరిపోయేది 20 మి.మీ. నల్ల పైపు. ముప్పావు అంగుళానికి 25, అంగుళానికి 32. షాపుకు వెళ్లేటప్పుడు పైపు ముక్క ఒకటి కోసి వెంట తీసుకెళ్లండి. దాని మీది అచ్చు చదవండి. మంచి పైపు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4984 అన్న సంఖ్య, పీఈ 80 లేదా పీఈ 100 అన్న రకం, బయటి వ్యాసం, పీఎన్ అంకె ఉంటాయి. పీఎన్ 6 అంటే చదరపు సెంటీమీటరుకు ఆరు కిలోల ఒత్తిడి, సుమారు 60 మీటర్ల ఎత్తు నీటి బరువుకు సమానం. ఐఎస్ఐ గుర్తు నిజమా అన్న అనుమానం వస్తే, దాని కింది లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడవచ్చు. ఏ అచ్చూ లేని మెరిసే నల్ల పైపు ఎంత చవకగా ఇచ్చినా తాగునీటికి కొనవద్దు. తోటకు వాడే రంగురంగుల మెత్తని పైపును కూడా ఇంటి తాగునీటి లైనుగా మట్టిలో పాతవద్దు.

పనిముట్ల విషయానికొస్తే, ముందు కావలసింది పైపు కట్టరు. కత్తెరలా నొక్కితే పైపు నిటారుగా, నున్నగా తెగుతుంది. హ్యాక్సా కోతలో రజను మిగులుతుంది, కొస వంకర పోతుంది. ఆ రజనే ఓ-రింగును గీరి చిన్న కన్నం చేస్తుంది. హ్యాక్సా తప్పనిసరైతే కోతను నిటారుగా ఉంచి, కత్తితో లోపలా బయటా రజను తీసేయాలి. కొస అంచును కొద్దిగా వాలుగా చెక్కాలి. ఫిట్టింగులోకి పైపు ఎంత లోతు వెళ్లాలో పైపు మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. సబ్బు నీళ్లు రాసి తోస్తే ముందు ఓ-రింగు దగ్గర ఒక అడ్డు తగులుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇంకా తోసి లోపలి గట్టుకు తాకేదాకా పోనివ్వాలి. గుర్తు నట్టులోకి పోయిందో లేదో చూసుకుని అప్పుడు బిగించాలి. పలుచని, మెత్తని పైపుకైతే లోపల గొట్టపు ఇన్సర్టు పెట్టాలి. లేదంటే రింగు కరిచినప్పుడు పైపు నొక్కుకుపోతుంది.

చేయకూడనివి కూడా గుర్తుంచుకోండి. ఓ-రింగుకు బండి గ్రీజు, ఇంజినాయిలు రాయవద్దు. కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బి పాడవుతుంది, తాగే నీటికీ అవి చేటు. కంప్రెషన్ నట్టు మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టవద్దు. అక్కడ నీళ్లు ఆపేది ఓ-రింగే, టేపుతో పనిలేదు. టేపు వేయాల్సింది అడాప్టరు మరలు ఇనుముతో కలిసే చోట. ప్లాస్టిక్ ఫీమేల్ మరలోకి ఇనుప నిపిల్ దూర్చి, జనపనార దట్టంగా చుట్టి పైపు పానాతో తిప్పితే ఆ ప్లాస్టిక్ పక్కకు చీలుతుంది. చీలిక ఆ పూట కనిపించదు, వారానికి బయటపడుతుంది. వీలైనంతవరకు ప్లాస్టిక్ మేల్ మరను ఇనుప ఫీమేల్‌లోకి పోనివ్వండి. లేదా చుట్టూ లోహపు రింగు ఉన్న ఫీమేల్ ఫిట్టింగు కొనండి. నట్టును ముందు చేత్తో, తర్వాత పట్టీ రెంచితో బిగించాలి. పళ్లున్న పానాతో ప్లాస్టిక్ నట్టు చెక్కుకుపోతుంది.

పని అయ్యాక గుంత వెంటనే పూడ్చవద్దు. నీళ్లు వదిలే వేళలో ఇంటి కుళాయిలన్నీ కట్టేసి, జాయింటును గుడ్డతో పొడిగా తుడిచి, చుట్టూ ఒక వార్తాపత్రిక ముక్క చుట్టండి. అరగంటకు కాగితం పొడిగా ఉంటేనే మట్టి వేయండి. మీటరున్న ఇళ్లలో అన్ని కుళాయిలూ కట్టినా ముల్లు తిరుగుతోందంటే ఆ మీటరుకు ఇవతల ఎక్కడో కారుతోందని అర్థం. కొత్త జాయింటు వేశాక మొదట వచ్చే నీళ్లు రంగు, వాసన పోయేదాకా బయటికి వదిలేయాలి.

వీధి లైనుకు ఈ ఫిట్టింగులు చాలవు. 63 మి.మీ. దాటిన లైన్లలో పైపు కొసలను సుమారు 220 డిగ్రీల వేడి పలకతో కరిగించి ఒత్తి అతికిస్తారు. లేదా లోపల కరెంటు తీగ చుట్ట ఉన్న ఎలక్ట్రోఫ్యూజన్ కప్లరు వాడతారు. ఈ పనికి శిక్షణ ఉన్న మనిషి కావాలి, స్థిరమైన కరెంటు కావాలి, వాన తడవకుండా పైన కప్పు కావాలి. ఎలక్ట్రోఫ్యూజన్‌కు ముందు పైపు పై పొరను గీకే పనిముట్టుతో గీకకపోతే అతుకు పైకి బాగానే కనిపించి లోపల అంటదు. చల్లారేదాకా కదపకూడదు, తొందరకు నీళ్లు పోయకూడదు. వేడి పలకతో వేసిన అతుకు చుట్టూ రెండు గట్లు సమంగా పొంగి కనిపించాలి. మీ వీధిలో ఆ పని జరుగుతుంటే దగ్గరికి వెళ్లి చూడండి. గట్టు ఒకవైపు ఉబ్బి ఒకవైపు లేకుంటే అక్కడే అడగండి, మట్టి కప్పాక అడిగి లాభం లేదు. ఇక వీధి లైను నుంచి ఇంటికి కొమ్మ తీసేటప్పుడు ఎర్రగా కాల్చిన చువ్వతో కన్నం పొడిచి పైపు దూర్చడం చాలాచోట్ల చూస్తాం. అక్కడ వేయాల్సింది లైను కొలతకు సరిపోయే, రబ్బరు గ్యాస్కెట్‌తో లైను చుట్టూ బిగించే సాడిల్, దాని మీద ఇంటి పైపును కలిపే ఫెర్రూలు.

రైతులకు ఒక మాట. బోరులో మోటారును వేలాడదీసే పైపుకు పైన చెప్పిన కంప్రెషన్ కప్లింగు వాడవద్దు. మోటారు, నీళ్ల బరువుతో నిలువుగా వేలాడే పైపును మోయడానికి దాన్ని చేయలేదు. బోరు పైపుకు దానికే చేసిన అడాప్టరు, క్లాంపులు వేరే దొరుకుతాయి. వాటితో పాటు మోటారుకు విడిగా తాడు కట్టడం మానవద్దు.

ఇంత చెప్పాక బాధ్యత అంతా ఇంటివాళ్ల మీదే వేస్తే న్యాయం కాదు. రోడ్డు కోసం, డ్రైనేజీ కోసం, కేబుల్ కోసం తవ్వేవాళ్లే ఎక్కువ పైపులు తెంపుతున్నారు. వాళ్లే ట్యూబు చుట్టి పూడ్చేస్తున్నారు. తెగిన పైపుకు కంప్రెషన్ కప్లింగు వేసి, నీళ్లు వదిలి చూపించనిదే గుంత పూడ్చకూడదన్న షరతు ప్రతి తవ్వకం అనుమతిలోనూ ఉండాలి. కప్లింగు ఖర్చు కాంట్రాక్టరు బిల్లులోంచే పోవాలి. మురుగు కాలువను దాటే ప్రతి ఇంటి పైపూ కాలువ అడుగు నుంచి కాకుండా పైనుంచి, మరో గట్టి పైపు తొడుగులో వెళ్లాలి. ప్రతి పంచాయతీలోనూ, ప్రతి వార్డులోనూ వాటర్‌మన్‌కు ఒక పైపు కట్టరు, పట్టీ రెంచి, మూడు కొలతల కప్లింగులు ఇవ్వాలి. ఇవి లేకుండా అతణ్ని పంపి, ట్యూబు చుట్టావేమని నిలదీయడం ఎంతవరకు సబబు? ఇంటింటికీ కుళాయి ఇచ్చామని లెక్క రాసుకునే శాఖలు, ఆ కుళాయి దాకా వెళ్లే చివరి పది మీటర్ల పైపును కూడా తమ లెక్కలోనే రాసుకోవాలి.

ఈ వానల్లో నీళ్లు రంగు మారినా, మురుగు వాసన వేసినా ఆ నీళ్లు తాగవద్దు. సలసల కాగనిచ్చి చల్లార్చినవే తాగండి. మోటారు ఆపండి. హైదరాబాద్‌లో 155313కు, మిగతా చోట్ల మున్సిపాలిటీకి, పంచాయతీకి వెంటనే చెప్పండి. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ఇస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి వచ్చిందంటే అది తిండి తేడా అని సర్దిచెప్పుకోవద్దు, లైను పరీక్ష చేయమని పట్టుబట్టండి.

వీధిలో ఒకసారి నడవండి. కాలువ వెంట చుట్టిన ట్యూబులు, మెలిపెట్టిన వైర్లు ఎన్ని ఉన్నాయో ఫొటోలు తీయండి. వాటిని కార్యాలయంలో కాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. మీ జాయింటుతో పాటు పక్కింటి జాయింటు కూడా మార్పించండి, అవసరమైతే ఆ కప్లింగు డబ్బులు మీరే పెట్టుకోండి. మీది ఎంత గట్టిగా బిగించినా, ఎగువ ఇంటి దగ్గర లైనులోకి చేరిన మురుగు మీ బిందెలోకే వస్తుంది.